ఇంటి చిప్‌లు, చేతి ప్రాసెసర్లు

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రాసెసర్‌ను కొని వాడుకోవడంతో తృప్తిపడక, దాన్ని తామే కట్టి నడిపించాలనుకునే వాళ్ల అభిరుచి ఇది. ఇందులో మూడు దారులున్నాయి. బజార్లో దొరికే చిన్న లాజిక్ ఐసీలనో విడి ట్రాన్సిస్టర్లనో తీగలతో కలిపి బల్ల మీద ప్రాసెసర్‌ను నిలబెట్టడం ఒకటి. చిప్ నమూనాను కంప్యూటర్‌లో గీసి, తయారీని ఫౌండ్రీకి, అంటే చిప్‌లు చేసిపెట్టే ఫ్యాక్టరీకి, అప్పగించడం మరొకటి. సిలికాన్ బిళ్ల తెచ్చుకుని, ఇంట్లోనే కొలిమి పెట్టి, దాని మీద ట్రాన్సిస్టర్లను పుట్టించడం ఇంకొకటి. మూడింటినీ కలిపి ‘ఇంట్లో చిప్ చేశారు’ అని చెప్పుకోవడం అలవాటైపోయింది. ఖర్చులో, ప్రమాదంలో, చివరికి మనకు అబ్బే విద్యలో ఇవి ఒకదానికొకటి చాలా దూరం.

చిప్‌కు మూలం ఇసుక అని అంటారు. తెలంగాణలోని మంథనిలో నిలబడి ఆ మాట వింటే ఆశ పుడుతుంది. ఊరి పక్కన గోదావరి ఇసుక, రామగిరి వైపు వెళ్తే సింగరేణి బొగ్గు. సిలికాలోని ఆక్సిజన్‌ను లాగేయడానికి కావలసింది కార్బనే గనక, సరుకంతా గుమ్మం ముందే ఉన్నట్టనిపిస్తుంది. అయితే నది ఇసుకలో క్వార్ట్జ్‌తో పాటు ఫెల్డ్‌స్పార్, ఇనుము కలిసి ఉంటాయి. గోదావరి లోయ బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అందుకే సిలికాన్ తీసేవాళ్లు మేలైన క్వార్ట్జ్ రాళ్లనూ, బూడిద తక్కువుండే బొగ్గునూ, కట్టెబొగ్గునూ ఏరి విద్యుత్ కొలిమిలో వేస్తారు. అలా వచ్చిన సిలికాన్ కూడా 98, 99 శాతమే శుద్ధం. చిప్‌కు కావలసింది 99.9999999 శాతం. వంద కోట్ల అణువుల్లో పరాయిది ఒక్కటే ఉండాలి. ఆ శుద్ధి కోసం సిలికాన్‌ను క్లోరిన్‌తో కలిపి ఆవిరిగా మార్చి, మళ్లీ గడ్డగా పేర్చి, కరిగించి, అందులో చిన్న స్ఫటికాన్ని విత్తనంగా ముంచి మెల్లగా తిప్పుతూ పైకి లాగుతారు. ఇలా లాగే పద్ధతి పోలండ్ శాస్త్రవేత్త యాన్ చోక్రాల్‌స్కీ 1916లో కనిపెట్టినది. ఇంటి చిప్‌లు చేసేవాళ్లు ఈ పని జోలికి పోరు. కోసి నున్నగా మెరుగుపెట్టిన వేఫర్‌ను కొనుక్కుని అక్కడి నుంచి మొదలుపెడతారు.

బల్ల మీద ప్రాసెసర్

ప్రాసెసర్ అంటే ఒక అమరిక. ఆ అమరికను దేనితో కట్టినా పనిచేస్తుంది. జర్మన్ ఇంజనీరు కోన్‌రాడ్ సూజ్ బెర్లిన్‌లో తల్లిదండ్రుల ఇంట్లోనే 1936 నుంచి 1938 దాకా శ్రమపడి రేకు పలకలతో ఒక కంప్యూటర్ కట్టాడు. దాని పేరు జెడ్1. పలకలు ఇరుక్కుపోతుండేవి, సరిగా నడిచింది తక్కువ. 1941లో అదే ఆలోచనను రెండు వేలకు పైగా టెలిఫోన్ రిలేలతో జెడ్3గా కట్టి నడిపించాడు. ఈ అభిరుచికి తొలి గురువు ఆయనే అని నా నమ్మకం.

తర్వాతి తరానికి దారి చూపింది 7400 వరుస ఐసీలు. 1960ల్లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ మొదలుపెట్టిన ఈ వరుసలో ఒక్కో నల్లటి ఐసీలో నాలుగు నాండ్ గేట్లో, ఒక కౌంటరో, అంకెను పట్టి ఉంచే ఒక రిజిస్టరో ఉంటాయి. 1970లో వచ్చిన 74181లో 75 గేట్లతో నాలుగు బిట్ల కూడిక, తీసివేత, తర్కం అన్నీ ఒకే చోట ఇమిడాయి. ఇలాంటి ఐసీలను వందల్లో కలిపి అమెరికాలో బిల్ బజ్‌బీ మ్యాజిక్-1 అనే కంప్యూటర్ కట్టి, దాని మీద మినిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపాడు. అందులో కొన్న ప్రాసెసర్ అంటూ ఏదీ లేదు.

మన విద్యార్థులకు ఈ దారి కొత్తదేమీ కాదు. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివినవాళ్లలో చాలామందికి ఆల్బర్ట్ పాల్ మాల్వినో పేరు తెలుసు. ఆయన ‘డిజిటల్ కంప్యూటర్ ఎలక్ట్రానిక్స్’ పుస్తకంలో శాప్-1 అనే బుల్లి కంప్యూటర్ ఉంది. ఎంత సులువుగా వీలైతే అంత సులువుగా అన్నది ఆ పేరులోని భావం. దాని జ్ఞాపకశక్తి మొత్తం 16 బైట్లు, ఆదేశాలు ఐదు. దాన్ని పరీక్షల కోసం బొమ్మగా గీసి వదిలేసిన వాళ్లే ఎక్కువ. అమెరికాకు చెందిన బెన్ ఈటర్ ఆ బొమ్మనే ఆధారంగా తీసుకుని బ్రెడ్‌బోర్డుల మీద ఒక్కో తీగ గుచ్చుతూ వీడియోలు చేశాక, ప్రపంచమంతా వేలమంది మళ్లీ ఆ పనిలో పడ్డారు.

ఈ యంత్రం 5కు 3ను ఎలా కలుపుతుందో నిదానంగా చూస్తే ప్రాసెసర్ రహస్యం దాదాపు అంతా తెలిసిపోతుంది. జ్ఞాపకంలో 14వ గదిలో 00000101, 15వ గదిలో 00000011 పెడతాం. ఇవి 5, 3. మొదటి గదిలో, అంటే సున్నా నంబరు దాంట్లో, 0000 1110 అని రాస్తాం. ముందు నాలుగు బిట్లు ‘తీసుకురా’ అన్న ఆదేశం, తర్వాతి నాలుగూ 14 అన్న చిరునామా. రెండో గదిలో 0001 1111: ‘15లో ఉన్నదాన్ని కలుపు’. మూడో దాంట్లో ‘చూపించు’, నాలుగో దాంట్లో ‘ఆగు’.

గడియారం ఒకసారి టిక్కుమంటే, చదవాల్సిన గది నంబరును పట్టి ఉంచే ప్రోగ్రామ్ కౌంటర్‌లోని అంకె చిరునామాగా జ్ఞాపకం దగ్గరికి పోతుంది. రెండో టిక్కుకు కౌంటర్ ఒకటి పెరుగుతుంది. మూడో టిక్కుకు ఆ గదిలోని ఆదేశం వచ్చి ఆదేశపు రిజిస్టర్‌లో కూర్చుంటుంది. ఏ ఆదేశానికైనా ఈ మూడు టిక్కులూ ఒకటే. మిగతా మూడింట్లో అసలు పని: ‘తీసుకురా’ అయితే 14వ గది తెరుచుకుని 5 వచ్చి ఎ రిజిస్టర్‌లో చేరుతుంది. ‘కలుపు’ అయితే 3 వచ్చి బి రిజిస్టర్‌లో చేరుతుంది, రెండింటి మొత్తం కూడిక ఐసీల నుంచి తిరిగి ఎ లోకి వస్తుంది. ఎనిమిది ఎల్‌ఈడీలలో ‘చూపించు’ రాగానే కుడి నుంచి నాలుగోది ఒక్కటే వెలుగుతుంది. 00001000, అంటే 8.

అన్ని భాగాలూ ఎనిమిది తీగల ఒకే బాట మీద మాట్లాడుకుంటాయి. దాన్నే బస్ అంటారు. ఏ టిక్కుకు ఎవరు మాట్లాడాలి, ఎవరు వినాలి అన్నది కంట్రోల్ భాగం నిర్ణయిస్తుంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే బాట మీద బిట్లు కలగాపులగం అవుతాయి, ఒక్కోసారి ఐసీలు వేడెక్కుతాయి. గడియారాన్ని బటన్‌కు కలిపి చేత్తో ఒక్కో టిక్కు కొట్టుకుంటూ పోవచ్చు. సెకనుకు వందల కోట్ల సార్లు జరిగే పనిని ఒక్కో అడుగు ఆపి చూసే వీలు ల్యాప్‌టాప్ ఇవ్వలేదు, పాఠ్యపుస్తకంలోని బొమ్మా ఇవ్వలేదు. 1976లో వచ్చిన 8085 ఇంకా మన సిలబస్‌లో ఉంది. ల్యాబులో హెక్స్ కీబోర్డు మీద కోడ్ కొట్టి జవాబు రాసుకుని బయటికి వస్తాం, లోపలి 6,500 ట్రాన్సిస్టర్లు ఏం చేశాయో చూడకుండానే. ముందు శాప్-1ను చేత్తో కట్టించి ఆ తర్వాత 8085 చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం.

మరీ పట్టుదల ఉన్నవాళ్లు ఐసీలు కూడా వద్దని విడి ట్రాన్సిస్టర్లతో కడతారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ న్యూమన్ 2016లో పూర్తిచేసిన మెగాప్రాసెసర్ పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు. దానిలో 40,000కు పైగా ట్రాన్సిస్టర్లున్నాయి. తర్వాత అది ఆ ఊరి కంప్యూటర్ మ్యూజియానికి చేరింది. అదే ఏడాది ఎరిక్ ష్లేఫర్ 1975 నాటి 6502 ప్రాసెసర్‌ను మూడు వేలకు పైగా విడి ట్రాన్సిస్టర్లతో ఒక పెద్ద బోర్డు మీద పరిచాడు. తీగలు గుచ్చే ఓపిక లేనివాళ్లకు ఎఫ్‌పీజీఏ ఉంది. లోపలి గేట్ల కలయికను ప్రోగ్రామ్‌తో మార్చుకునే చిప్ అది. దాని మీద రిస్క్-ఫైవ్ అనే ఉచిత ఆదేశాల వరుసతో నడిచే ప్రాసెసర్‌ను ఒక సాయంత్రంలో నడిపించవచ్చు.

గీసి పంపడం

చిప్ గీయడం ఒకప్పుడు ఫ్యాక్టరీ లోపలి వాళ్ల విద్య. కార్వర్ మీడ్, లిన్ కాన్వే 1980లో తెచ్చిన పుస్తకం దాన్ని కాలేజీలకు తెచ్చింది. గీతల వెడల్పుకు, ఎడానికి కొన్ని సులువైన నియమాలు పెట్టి, వాటిని పాటిస్తే ఏ విద్యార్థి అయినా చిప్ గీయవచ్చని వాళ్లు చూపించారు. 1981లో అమెరికాలో మోసిస్ అనే సేవ మొదలై, చాలా కాలేజీల నమూనాలను ఒకే వేఫర్ మీద పేర్చి ఖర్చును పంచేది. పొరుగూళ్ల వాళ్లంతా కలిసి ఒకే లారీ మాట్లాడుకున్నట్టు.

ఇంట్లో కూర్చుని గీసేవాళ్లకు అసలు తలుపు 2020లో తెరుచుకుంది. ఫౌండ్రీలు తమ తయారీ నియమాలను రహస్య ఒప్పందం మీదే ఇచ్చేవి. గూగుల్, స్కైవాటర్ కంపెనీలు కలిసి 130 నానోమీటర్ల పద్ధతి నియమాలన్నీ అందరికీ ఉచితంగా విడుదల చేశాయి. గీయడానికి వాడే మ్యాజిక్, యోసిస్, ఓపెన్‌రోడ్ వంటి పరికరాలూ ఉచితమే. మాట్ వెన్ 2022లో మొదలుపెట్టిన టైనీ టేప్‌అవుట్‌లో వందల మంది నమూనాలు ఒకే చిప్‌లో చిన్న చిన్న గడుల్లో ఇరుగుపొరుగుగా కూర్చుంటాయి. ఒక గడిలో సుమారు వెయ్యి గేట్లు పడతాయి. నాలుగు బిట్ల చిన్న ప్రాసెసర్‌కు ఆ చోటు చాలు. నెలల తర్వాత బోర్డు మీద బిగించిన చిప్ పోస్టులో వస్తుంది.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమో 2025 మార్చిలో తెలిసింది. ఈ నమూనాలను ఫౌండ్రీకి చేర్చే ఎఫాబ్‌లెస్ కంపెనీ ఆ నెలలో మూతపడింది. చిప్‌లు చేతికందాల్సిన వాళ్లు దారి మధ్యలో చిక్కుకున్నారు. టైనీ టేప్‌అవుట్ వేరే ఫౌండ్రీలను వెతుక్కుని కొనసాగింది.

మన దేశంలో 180 నానోమీటర్ల చిప్‌లు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ. 1989 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదం దేశపు చిప్ తయారీని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టింది. ఐఐటీ మద్రాస్‌లో వి. కామకోటి బృందం రూపొందించిన శక్తి ప్రాసెసర్లలో ఒకటి 2018లో అక్కడే తయారైంది. కేంద్ర ప్రభుత్వపు చిప్స్ టు స్టార్టప్ పథకం ద్వారా ఎంపికైన కాలేజీల విద్యార్థుల నమూనాలు ఇప్పుడు అదే ఫ్యాక్టరీకి వెళ్తున్నాయి.

కొలిమి దారి

మూడో దారిని అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ హాస్టళ్లలో జరిగే ఒక పని చాలు. సర్క్యూట్ బొమ్మను లేజర్ ప్రింట్ తీసి, రాగి పూత ఉన్న బోర్డు మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో రుద్దుతారు. ఇంకు రాగికి అంటుకుంటుంది. బోర్డును ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే ఇంకు కప్పని చోట రాగి కరిగిపోతుంది, కప్పిన చోట గీతలుగా మిగులుతుంది. చిప్ తయారీలోని కీలకం ఇదే: కప్పు, కరిగించు, మిగిలినదాన్ని ఉంచు.

తేడా కొలతల్లో ఉంది. సిలికాన్ వేఫర్‌ను వెయ్యి డిగ్రీలు దాటిన గొట్టపు కొలిమిలో పెడితే దాని మీద గాజులాంటి ఆక్సైడ్ పొర పెరుగుతుంది. దాని మీద వెలుతురు తగిలితే స్వభావం మారే ఫొటోరెసిస్ట్ ద్రవాన్ని చుక్కవేసి, గిర్రున తిప్పి పలచగా పరుస్తారు. బొమ్మను ప్రొజెక్టర్‌తో సూక్ష్మదర్శిని గుండా చిన్నది చేసి దాని మీద పడేస్తారు. ఈ పనంతా పసుపు దీపం కింద. తెరిచిన చోట ఆక్సైడ్‌ను కరిగించి, ఫాస్ఫరస్ లేదా బోరాన్ అణువులను వేడిలో లోపలికి ఇంకిస్తారు. చివరికి శూన్యంలో అల్యూమినియంను ఆవిరిగా చేసి పైన పూసి, మళ్లీ కప్పి, మళ్లీ కరిగించి తీగలు చేస్తారు.

అమెరికాలో జెరీ ఎల్స్‌వర్త్ 2010 ప్రాంతంలో ఇంట్లో ట్రాన్సిస్టర్ చేసి చూపించింది. ఆమె వీడియోలు చూసి ఉత్సాహం తెచ్చుకున్నవాళ్లలో న్యూజెర్సీ హైస్కూల్ విద్యార్థి సామ్ జెలూఫ్ ఒకడు. తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో 2018లో ఆరు ట్రాన్సిస్టర్ల చిప్ చేశాడు. దానికి పెట్టిన పేరు కూడా జెడ్1. బెర్లిన్ ఇంటి పలకలకూ న్యూజెర్సీ గ్యారేజీ సిలికాన్‌కూ మధ్య ఎనభై ఏళ్లు, పేరు ఒకటే. 2021లో చేసిన జెడ్2లో వంద ట్రాన్సిస్టర్లు, వాటి కొలత 10 మైక్రాన్లు. 1971లో ఇంటెల్ 4004ను కూడా 10 మైక్రాన్ల పద్ధతిలోనే చేశారు. తల వెంట్రుక మందం దీనికి ఐదు రెట్ల పైమాటే.

వంద ట్రాన్సిస్టర్లతో ఏం వస్తుంది? ఒక బిట్ కూడికకు తొమ్మిది నాండ్ గేట్లు కావాలి. ఎన్‌మాస్ అనే పాత చిప్ పద్ధతిలో గేటుకు మూడు ట్రాన్సిస్టర్లు, అంటే బిట్‌కు 27. కాగితం మీద లెక్కేస్తే వందతో మూడు బిట్ల కూడిక వస్తుంది. 4004లో ఉన్నవి 2,300. ఈ ఎడం పూడ్చడం ఎందుకు కష్టమో ఇంకో లెక్క చెబుతుంది. చేసిన ప్రతి ట్రాన్సిస్టర్ పనిచేసే అవకాశం 99 శాతం అనుకుందాం. వంద ట్రాన్సిస్టర్ల చిప్‌లు వంద చేస్తే 36 లేదా 37 పూర్తిగా బాగుంటాయి. 2,300 ట్రాన్సిస్టర్ల చిప్ అయితే సుమారు 1,100 కోట్లు చేస్తే ఒకటి బాగుంటుంది. ఒక్క ధూళి రేణువు, ఒక వేలిముద్ర, కొంచెం తేమ చాలు ట్రాన్సిస్టర్ చావడానికి. జెలూఫ్ 15 జెడ్2 చిప్‌లు చేసినప్పుడు పూర్తిగా పనిచేసినట్టు తేలింది కనీసం ఒకటి. తర్వాత అతను పేరున్న చిప్ రూపకర్త జిమ్ కెల్లర్‌తో కలిసి అటామిక్ సెమీ అనే కంపెనీ పెట్టాడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు హ్యాకర్ ఫ్యాబ్ పేరుతో ఇలాంటి చిన్న ల్యాబు యంత్రాల నమూనాలను అందరికీ విడుదల చేస్తున్నారు.

ఈ దారి గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆక్సైడ్‌ను కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తుప్పు మరకలు పోగొట్టే కొన్ని ద్రావణాల్లో కూడా ఉంటుంది. అది చర్మం మీద పడినప్పుడు పలుచనిదైతే వెంటనే మంట తెలియదు. గంటల తర్వాత నొప్పి మొదలయ్యే సరికి లోపలికి ఇంకి, ఒంట్లోని కాల్షియంను కట్టేసి, గుండె లయను దెబ్బతీయగలదు. దానికి చికిత్సగా వాడే కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా, తెలిసిన మనిషి తోడు లేకుండా, గాలిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. ఇంటి వంటగది దానికి చోటు కానే కాదు. ఫొటోరెసిస్ట్‌కు చల్లదనం, నిలకడైన తేమ కావాలి. రామగుండం వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే చోట అది కూడా మామూలు గదిలో కుదిరే పని కాదు. పిల్లలకు ఈ కోరిక ఉంటే కాలేజీ ల్యాబులోనే తీరాలి.

మన దగ్గర

తెలుగు నేల మీద కంప్యూటర్‌ను భాగాల నుంచి కట్టిన చరిత్ర హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ది. పశ్చిమ గోదావరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు చేతుల మీదుగా 1967 ఏప్రిల్‌లో అది మొదలైంది. పాత తరానికి ఈసీ టీవీ పేరుతో గుర్తు. అణుశక్తి కేంద్రంలో పుట్టిన ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ వంశం ఇక్కడ పెరిగింది: 1969 నాటి 12 బిట్ల టీడీసీ-12, తర్వాత టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316. విదేశీ యంత్రం తెచ్చుకోవడం కష్టమైన రోజుల్లో లోపలి ప్రతి బోర్డూ తెలిసిన ఇంజనీర్లు ఇక్కడ తయారయ్యారు. ఇంట్లో ప్రాసెసర్ కట్టేవాళ్లు ఇవాళ నేర్చుకునేది అదే విద్య.

మంథని పరిసరాల్లో దీనికి చోటు సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ. సింగరేణి నూరేళ్ల గుర్తుగా వెలసిన కాలనీలో 2010లో ఆ కాలేజీ వచ్చింది. పాత ఆదిలాబాద్ వైపు 2008 నుంచి బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. ఐసీలకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ. మంచి బోర్డు చేయించుకోవాలన్నా, పెద్ద యంత్రాలు వాడుకోవాలన్నా 2023 మార్చిలో రాయదుర్గంలో తెరుచుకున్న టీ-వర్క్స్ ఉంది. తీగ పనికి చెయ్యి కావాలి, ఆ చెయ్యి కరీంనగర్ వెండి తీగ కళాకారులకు తరతరాలుగా ఉంది. చిప్‌ను దాని కాళ్లకు కలిపే 25 మైక్రాన్ల తీగను చూసినప్పుడల్లా నాకు వాళ్ల పనే గుర్తుకొస్తుంది.

ఈ చదువు లేదనో, వయసు దాటిందనో వెనకాడేవాళ్లకు మంథనిలోనే ఒక ఉదాహరణ ఉంది. 1957 నుంచి 1977 దాకా ఈ నియోజకవర్గానికి శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు అరవై దాటాక, 1980ల్లో కంప్యూటర్ తెప్పించుకుని బేసిక్, కోబాల్ భాషల్లో సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు.

మొదలుపెట్టేవాళ్లు మొత్తం యంత్రం మీద ఒకేసారి పడకూడదు. ముందు 555 టైమర్‌తో గడియారం. అది సరిగా కొట్టుకుంటుంటే 74161తో కౌంటర్. తర్వాత 74173తో రెండు రిజిస్టర్లు, వాటి మధ్య 74283తో కూడిక. ఇక్కడికి వచ్చేసరికే బస్ అంటే ఏమిటో చేతికి తెలిసిపోతుంది. జ్ఞాపకం, కంట్రోల్ చివర. కంట్రోల్‌కు గేట్లు కలిపే బదులు తిరగరాయగల జ్ఞాపకపు ఐసీ అయిన ఈఈప్రామ్‌లో పట్టిక రాసుకుంటే తప్పును తీగలు మార్చకుండానే దిద్దుకోవచ్చు. వాడని ఇన్‌పుట్ కాళ్లను గాల్లో వదలకుండా ఐదు వోల్టులకో గ్రౌండ్‌కో కట్టేయాలి. ఇక అంకెలు ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా వస్తుంటే లాజిక్‌ను అనుమానించే ముందు ప్రతి ఐసీ విద్యుత్ కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందా లేదా చూసుకోవాలి.